గొళ్ళెంగాడు తలుపు తీసిన రోజు

మా మేనత్తకి రెండు ఉద్యోగాలు ఉండేవి. మామూలు రోజుల్లో కళ్ళద్దాల షాపులో కౌంటరు వెనక నిలబడి ఫ్రేములు చూపించేది. బుధవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం రేడియో స్టేషనుకు వెళ్ళి గొళ్ళెంగా మారిపోయేది.

రెండోది వింతగా ఉంటుంది కాబట్టి వివరంగా చెబుతాను. ఆదివారాలు పిల్లల కోసం 'అటక మీద ఊరు' అని ఒక సీరియల్ వచ్చేది. పాత ఇంటి అటక మీద మాటలొచ్చిన జంతువులు కాపురం పెట్టాయి. గంటలు ఎప్పుడూ తప్పు చెప్పే బల్లి, చూపు ఆనని గుడ్లగూబ, విరిగిన సామాన్లన్నిటికీ వరసలు కలిపి పిలిచే ఎలుకల సంసారం. కింద వంటింట్లో పిల్లి. ఎప్పటికైనా పైకెక్కి అందర్నీ నమిలేయాలని దాని ఆశ. మధ్యలో అటక తలుపు. ఆ తలుపు గొళ్ళెంలో బొటనవేలంత ప్రాణి ఒకటి. వాడు జంతువు కాదు, మనిషి కాదు, దెయ్యం అసలే కాదు. పేరు గొళ్ళెంగాడు. వాడికి నిద్ర రాదు. తిండి మాత్రం కావాలి, వాడి తిండి రహస్యాలు. లోపలికి రావాలంటే వాడి చెవిలో ఒక రహస్యం చెప్పాలి. వాడు గుటుక్కున మింగి "తాళం పడింది!" అంటాడు. ఇక ఆ రహస్యం ఎవరికీ దొరకదు.

ఆ గొంతు మా అత్తది. పెదవి ఒక పక్కకి లాగి, ఊడిన పన్ను సందులోంచి గాలి తోస్తూ మాట్లాడేది. తలుపు సందులో గాలికి మాటలొస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. పళ్ళ డాక్టరు ఆ సందు పూడుస్తానంటే "వద్దు బాబూ, అది నా అన్నం గిన్నె" అని కుర్చీలోంచి లేచి వచ్చేసింది. షాపులో ఏ పిల్లాడైనా కళ్ళజోడు పెట్టుకోనని మారాం చేస్తే కౌంటరు కిందికి వంగి ఆ గొంతుతో ఒక్క మాట అనేది. వాడు నోరు తెరుచుకుని చూస్తుండగా ఎవరో ఒకరు జోడు తగిలించేసేవారు. "అమ్మా, మీరు గొళ్ళేలు అమ్ముకోండి, కళ్ళద్దాలు నేను అమ్ముకుంటా" అని యజమాని వెక్కిరించేవాడు. వెక్కిరింతే గానీ ఆమెని మాన్పించే ధైర్యం అతనికి లేదు.

గొళ్ళెంగాణ్ణి పుట్టించింది సీరియల్ రాసినవాడు కాదు. మా అత్తే. ఇంకా ఉద్యోగాల్లో చేరకముందు, వాళ్ళ అత్తగారికి చివరి ఏళ్ళలో మతి తప్పింది. తలుపు తెరిచి ఉంటే చాలు, వీధిలోకి నడిచి వెళ్ళిపోయేది, తిరిగి రావడం తెలిసేది కాదు. అందుకని ఎప్పుడూ గొళ్ళెం. మావయ్యకి డ్యూటీలు. మరుదులు, తోడికోడళ్ళు సెలవు రోజుల్లో వచ్చి ముసలావిడ మంచం చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పి, టీ తాగి, "వదినా, జాగ్రత్తగా చూసుకో" అని సలహా ఇచ్చి వెళ్ళేవారు. మా అత్త గుమ్మం దగ్గరే ఉండేది, ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను తలుపు మీద. చిన్నపిల్లగా ఉన్న కూతురు "నానమ్మని ఎందుకు బంధించావు?" అని ఏడిస్తే, "నేను కాదే, గొళ్ళెంలో ఒకడున్నాడు. నానమ్మ తప్పిపోకుండా వాడు కాపలా" అని అప్పటికప్పుడు ఒకణ్ణి కల్పించింది.

రచయిత అప్పుడప్పుడే స్టేషన్లో చేరాడు. రాసేది అతనే, నడిపించేది అతనే, పిల్లికి గొంతిచ్చేది కూడా అతనే. 'అక్కా, అక్కా' అంటూ మా అత్త వెనకే తిరిగేవాడు. ఆమె డబ్బాలో అన్నం సగం అతనికే పోయేది. రక్తసంబంధం ఏమీ లేదు. సొంత తమ్ముడైన మా నాన్నకి మాత్రం ఆ సగంలో సగం కూడా ఎప్పుడూ దక్కలేదు, అది వేరే గొడవ. ఒకరోజు క్యాంటీన్లో గొళ్ళెం సంగతి నవ్వుతూ, ఆ గొంతుతోనే చెప్పింది. అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అక్కా, వీణ్ణి నాకిచ్చెయ్."

"తీసుకో. కానీ ఒకటి. వీడు ఎవరి గుట్టూ బయటపెట్టడు. అది తప్ప ఏమైనా చేయించుకో."

"నిన్నడక్కుండా వాడు తుమ్మను కూడా తుమ్మడు. సరేనా?"

అలా వాడు రేడియోకి ఎక్కాడు. అటక మీద అందరికంటే వాణ్ణే పిల్లలు ఎక్కువ ఇష్టపడ్డారు.

కథ బుధవారం రికార్డు చేసి ఆదివారం వేసేవారు. కథ అయిపోగానే ఫోన్ల సమయం, అది మాత్రం అప్పటికప్పుడు వెళ్ళేది. ఎవరో ఒక చిన్నపిల్ల ఫోన్ చేసి "గొళ్ళెంగాడూ, నీకో రహస్యం" అనగానే గాజు అవతల ఇంజనీరు ఆ గొంతు తగ్గించి, తాళంచెవి తిప్పుతున్న చప్పుడు పెట్టేవాడు. వినేవాళ్ళందరికీ ఆ కిర్రుకిర్రు మాత్రమే. పిల్ల మాట ఒక్క మా అత్త చెవుల్లోని హెడ్‌ఫోన్‌కే. చెప్పడం అయిపోయాక చప్పుడు ఆగేది, "తాళం పడింది!" అనేది ఆమె. ఆ పిల్లలు ఏం చెప్పేవారో ఇంట్లో ఎంత బతిమాలినా చెప్పలేదు. రచయిత కూడా చాలాసార్లు అడిగాడు, కథలకి పనికొస్తాయని. అతనికీ చెప్పలేదు. ఒక్కోసారి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ రోజు ఎవరో చిన్నపిల్ల పెద్ద సంగతేదో చెప్పిందని మేమే అర్థం చేసుకునేవాళ్ళం.

ఆమె సంగతులు వినడానికి మాత్రం రచయిత ఉండేవాడు. గొళ్ళెంగాడు రేడియోకి ఎక్కిన కొన్నాళ్ళకి అదే క్యాంటీన్లో అతని దగ్గర నోరు విప్పింది. ఆ మాటలు నేనిక్కడ రాస్తున్నానంటే ఆమె రాయమంది కాబట్టే. "అందరూ విన్నదేగా, నువ్వు రాస్తే కొత్తగా పోయేదేముంది" అంది. ఆమె అతనితో చెప్పింది ఇది: "తలుపు కాయడానికే నన్ను తెచ్చుకున్నట్టున్నార్రా. లోపల కూర్చున్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, నువ్వూ వచ్చి కూర్చోవే అనలేదు. ఒక్కోసారి ఆ తలుపు బార్లా తీసి పెట్టి పోదామనిపించేది. ఎవరు పోతే వాళ్ళు పోనీ, ఎవరొస్తే వాళ్ళు రానీ అనిపించేది." అనిపించేది, అంతే. ఆమె ఏ రోజూ గొళ్ళెం తీయలేదు. ముసలావిడ తన మంచం మీదే, మా అత్త చేతుల్లోనే పోయింది.

ఇక ఆ బుధవారం.

ఆ స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. కాగితాలు కుట్టరు, విడివిడిగా ఇస్తారు. చదివేసిన కాగితాన్ని చప్పుడు కాకుండా తివాచీ మీదికి జారవిడుస్తారు. ఆఖరి పేజీ మాత్రం ముందు ఎవరికీ ఇవ్వరు. చివరి సంగీతం వస్తుండగా రచయిత తీసుకొచ్చి స్టాండు మీద పెడతాడు. ముందే చదివేస్తే ఆశ్చర్యం గొంతులో చచ్చిపోతుందని అతని సిద్ధాంతం. ఇంకొక పద్ధతి, రికార్డింగు మొదలై ఎర్రదీపం వెలిగాక ఎవరూ ఆగకూడదు. కాగితం మీద ఏముంటే అది చదవాలి. ఒకరు ఆగితే అందరి పనీ చెడుతుంది. మా అత్తకి ఆ రెండో పద్ధతి రక్తంలో ఇంకిపోయింది. ఒకసారి చదువుతుండగా కాలి మీద చీమల బారు ఎక్కినా గొళ్ళెంగాడి మాట తొణకలేదని అక్కడ గొప్పగా చెప్పుకునేవారు.

ఆ రోజు కథలో పిల్లి అటకెక్కేసింది. తలుపు ఎవరు తీశారో తెలియక ఊరంతా గగ్గోలు. సంగీతం వచ్చింది. రచయిత ఆఖరి పేజీ పెట్టి, మా అత్త వైపు చూడకుండా తన మైకు దగ్గరికి పోయాడు. బల్లికి గొంతిచ్చే రిటైరైన బస్సు కండక్టరు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ చూడకపోవడం గమనించింది ఆయనే. ఏం జరిగిందో ఆయనే నాకు చెప్పాడు.

"గొళ్ళెంగాడూ, తలుపు నువ్వా తీశావు?" అంది గుడ్లగూబ.

మా అత్త చదివింది. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"నేనే తీశా. కావాలనే తీశా. తలుపు కాయడానికే నన్ను తెచ్చుకున్నారుగా! లోపల కూర్చున్నవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, నువ్వూ వచ్చి కూర్చోరా అన్నారా? బార్లా తీసి పెట్టా. ఎవరు పోతే వాళ్ళు పోనీ, ఎవరొస్తే వాళ్ళు రానీ."

"మరి నీ పొట్టలో రహస్యాలు?" అని పిల్లి గుర్రుమంది.

"అవీ నీకే. అన్నీ తీసుకో."

ఎర్రదీపం ఆరింది. అందరూ చప్పట్లు కొట్టారు. గుడ్లగూబకి గొంతిచ్చే టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ "ఏం పలికారండీ, నా ఒళ్ళు జలదరించింది" అంది. మా అత్త చేతిలో కాగితం ఇంకా అలాగే ఉంది. దాన్ని జారవిడవడం మర్చిపోయింది.

"తమ్ముడూ, ఇటు రా" అని వరండాలోకి పిలిచింది. కండక్టరు కూడా వెనకే వెళ్ళాడు. ఆయనకి ఇతరుల గొడవల్లో నిలబడటం బస్సులో అలవాటైన పని.

"ఇదేంటి?"

"అదిరిపోయింది కదక్కా!"

"ఇవి నా మాటలు."

"నీ మాటలే. అంత బాగా నేనెక్కడ రాయగలను? అవి విన్న రోజు నుంచీ నా బుర్రలోంచి పోలేదక్కా. వదల్లేకపోయా."

"నీతో చెప్పుకున్నానురా నేను. రాసుకోమని చెప్పలేదు."

"నీ పేరు చెప్పానా? మీ అత్తగారి పేరు చెప్పానా? ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. నీకు తెలుస్తుంది." అప్పుడు కూడా ఆమె గొంతు పెరగలేదట. "నేను అనుకున్నా, అంతే. అనుకున్నదాన్ని నువ్వు నా చేత చేయించావు. అదీ నా నోటితోనే."

"కథక్కా! వినేవాళ్ళు తగ్గిపోతున్నారు. పైవాళ్ళు రోజూ నా పీక మీద కూర్చుంటున్నారు. ఒక్క ఝలక్ ఇస్తే గానీ సీరియల్ నిలబడదు. రెండు వారాలాగి వాడు పశ్చాత్తాపపడతాడు, మళ్ళీ మామూలే."

"మరి ఆ పిల్లలు? పిల్లికి ఇచ్చేశాననిపించావే, అవి నీ బుర్రలో పుట్టినవి కావు. నిజం పిల్లల నిజం సంగతులు. వాళ్ళు నమ్మి చెప్పినవి."

"పిల్లలకి కథేదో నిజమేదో తెలీదా అక్కా?"

"తెలిస్తే ఆ గొళ్ళేనికి చెప్పుకుంటారట్రా?"

అతను గడియారం చూసుకున్నాడు. ఆమె ఒక్కటే అడిగింది, ఆ పేజీ తీసేసి ఇంకోటి చదివిస్తే ఇప్పుడే చదివి వెళ్తానని. చూస్తానన్నాడు. ఆ 'చూస్తాను' పట్టుకుని మా అత్త ఆదివారం దాకా ఆశగా ఉంది. అంత మోసపోయాక కూడా వాడు చూస్తాడనే నమ్మింది. నాకు ఒళ్ళు మండింది. "వెళ్ళకత్తా, మానెయ్" అన్నాను. "కథయ్యాక ఫోన్లొస్తాయిరా. నేను లేకపోతే ఎవరు ఎత్తుతారు?" అంది.

ఆదివారం అదే పేజీ వెళ్ళింది. ఒక్క అక్షరం మారలేదు. మా అత్త స్టూడియోలో హెడ్‌ఫోన్ పెట్టుకుని తన గొంతు తనే వింది. ఇంట్లో మేమూ విన్నాం. మా నాన్న రేడియో దగ్గరే ఉన్నాడు. అంత బాగా చదివింది మరి. నాకు కూడా, ఒక్క క్షణం, గొళ్ళెంగాడి మీద అసహ్యం వేసింది.

ఫోను మోగింది. మొదట ఒక ఆడపిల్ల.

"గొళ్ళెంగాడూ." మామూలుగా పిల్లలు అరిచినట్టు అరవలేదు. చాలా మెల్లిగా అంది. "నా సంగతి పిల్లికి చెప్పేశావా?"

చెప్పాల్సిన జవాబులు కాగితం మీద సిద్ధంగా ఉన్నాయి, రచయిత రాసి పెట్టాడు. మా అత్త ఆ కాగితం తివాచీ మీదికి వదిలేసింది. తన సొంత గొంతుతో మాట్లాడింది.

"లేదమ్మా. ఎవరికీ చెప్పలేదు. నేనే కదా నీ దగ్గర విన్నది, ఎవరికీ చెప్పలేదు."

"నువ్వెవరు?"

"నేనే తల్లీ. ఆ గొంతు నాది."

"నాకు నువ్వొద్దు ఆంటీ. గొళ్ళెంగాడికివ్వు ఫోను."

గాజు అవతల రచయిత రెండు చేతులూ ఊపుతున్నాడు, వద్దు వద్దని. మా అత్త పెదవి పక్కకి లాగింది.

"చెప్పు, నేనే."

"చెప్పేశావా?"

"ఒట్టు. చెప్పలేదు."

"మరి తలుపు? తలుపు తీసింది నువ్వేగా. కావాలనే తీశానన్నావుగా. నేను విన్నా."

రేడియో పాడైందేమోనని మా నాన్న మీట తిప్పాడు. కాదు, తీయలేదు అనడానికి ఆమెకి నోరెలా వస్తుంది? ఆ మాటలు పలికింది ఆ నోరే. క్యాంటీన్లో రచయిత చెవిలో నిజంగా చెప్పింది కూడా ఆ నోరే.

"తీశా" అంది గొళ్ళెంగాడు.

"అయితే నాది నాకిచ్చెయ్."

"ఏంటమ్మా?"

"నా రహస్యం. నాదేగా. ఇచ్చెయ్."

ఇంజనీరు ఎవరూ చెప్పకుండానే తాళంచెవి చప్పుడు పెట్టాడు. ఆ కిర్రుకిర్రు కింద మా అత్త తన గొంతు కూడా బయటికి పోకుండా మైకు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ పిల్ల ఇదివరకు చెప్పిన సంగతి మాట పొల్లు పోకుండా ఫోన్లో ఆ పిల్లకే తిరిగి చెప్పింది. చప్పుడు ఆగింది.

"వచ్చిందా?"

"ఆఁ." ఫోను పెట్టేసింది.

తర్వాత ఒక మగపిల్లాడు. వాడూ అదే అడిగాడు. తర్వాత ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఒకే ఫోన్లో, "ముందు దానిది కాదు, నాది ముందు" అని తోసుకుంటూ. ఒక్కొక్కరికీ తాళంచెవి తిరిగింది, ఒక్కొక్కరిదీ వాళ్ళకి చేరింది. ఎవరి గొంతునీ, ఎవరి సంగతినీ ఆమె మర్చిపోలేదు. ఎవరూ థాంక్స్ చెప్పలేదు. షాపులో పాడైన సరుకు వెనక్కిచ్చి డబ్బు తీసుకున్నంత మర్యాదగా తీసుకుని ఫోను పెట్టేశారు.

పాట వేసిన సందులో హెడ్‌ఫోన్లో రచయిత గొంతు వచ్చింది, సంతోషంతో ఎగిరిపడుతూ.

"అక్కా! అద్భుతం! లైన్లన్నీ నిండిపోయాయి, ఇంతమంది ఎప్పుడూ చేయలేదు. వచ్చే వారం కూడా ఇలాగే ఇద్దాం. 'రహస్యాల వాపసు' అని పేరు పెడదాం."

మా అత్త హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది. మెట్ల మీద అతను పరిగెత్తుకుంటూ వచ్చి పట్టుకున్నాడు.

"అక్కా, లైన్లో ఇంకా పిల్లలున్నారక్కా!"

"పిల్లివి నువ్వే. నీకే ఇచ్చేశానుగా అన్నీ. అందరూ విన్నారు. నువ్వే ఇచ్చుకో."

పాట అయిపోయింది. అతనే వెళ్ళి మైకు ముందు కూర్చుని పెదవి వంకర తిప్పి మొదలుపెట్టాడు. ఒక పిల్లాడు కాసేపు విని, "సరే, నాది ఏంటో చెప్పు చూద్దాం" అన్నాడు. తాళంచెవి తిరగడం మొదలైంది. తిరిగింది, తిరిగింది, ఎంతసేపటికీ ఆగలేదు. చివరికి ఇంజనీరు ఇంకో పాట వేశాడు.

సీరియల్ ఆగలేదు. ఎవరో కుర్రవాణ్ణి తెచ్చారు, పంటి సందు ఈల బాగానే వేశాడు, పశ్చాత్తాపం కూడా బాగానే పడ్డాడు. ఫోన్లు మాత్రం రాలేదు. ఫోన్ల సమయం తీసేసి పొడుపుకథలు పెట్టారు.

కొన్నాళ్ళకి రచయిత కళ్ళద్దాల షాపుకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, మా అమ్మ జోడు బాగు చేయించడానికి వెళ్ళి. అతను గుమ్మం దగ్గరే నిలబడి "అక్కా" అన్నాడు.

"రండి. కూర్చోండి" అంది మా అత్త. "దూరపు చూపుకాండీ, చదువుకోడానికాండీ?"

అతని మొహం మాడిపోయింది. తిట్టి ఉంటే బతికిపోయేవాడు. "అక్కా, నన్ను అండీ అంటావా?" అన్నాడు. ఆమె ట్రే ముందుకు జరిపి, "ఇవి తేలిగ్గా ఉంటాయండీ, ముక్కు మీద గుర్తు పడదు" అని ఒక్కో ఫ్రేమూ తీసి చూపించింది. యజమాని చూస్తున్నాడు. అతను ఏదో ఒకటి పెట్టుకుని అద్దంలో చూసుకోక తప్పలేదు. చివరికి ఒకటి కొనుక్కుని వెళ్ళాడు. చూపుకి ఏ లోపమూ లేని మనిషి.

అతను వీధి మలుపు తిరిగేదాకా మా అత్త ఒకే అద్దాన్ని తుడుస్తూ ఉంది.

"నాలుగు దులిపేయాల్సింది అత్తా" అన్నాను.

"ఇదివరకు ఎవరి మీద కోపమొచ్చినా వాడితోనే చెప్పుకునేదాన్నిరా" అంది. "ఇప్పుడు వాడి మీదే వచ్చింది. ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు."